పొగ లేని ఆవిరి

జులై 8, మంగళవారం

ఈ రోజు మీటింగులో నా పేరు ఎవరూ ఎత్తలేదు. గాజు కంపెనీ సంగతి వచ్చిన ప్రతిసారీ అందరూ నా వైపు చూశారు, అంతే.

సోలార్ పలకలకు గాజు తయారుచేసే ఆ కొరియా కంపెనీ శివ్వగూడెం పక్కనున్న ఖాళీ స్థలాన్ని దాదాపు ఖాయం చేసుకుంది. ఊళ్లో గొడవ చూసి మలేషియా వెళ్లిపోయింది. అప్పటికీ ఇప్పటికీ ఏడాది దాటింది. విదేశీ కంపెనీలను సంగారెడ్డి జిల్లాకు రప్పించడమే మా ఆఫీసు పని. వచ్చి వెనక్కి పోయిన కంపెనీకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఆ ఫైలు నాది.

ఇప్పుడు డెన్మార్క్ వాళ్లు వస్తున్నారు. బొగ్గు కాల్చకుండా కరెంటుతో ఆవిరి పుట్టించే యంత్రాలు చేస్తారు. మందుల ఫ్యాక్టరీలకైనా డెయిరీలకైనా పొద్దున లేస్తే కావలసింది ఆవిరే. దానికోసమే జిన్నారం చుట్టూ ఇన్ని పొగగొట్టాలు. ఆసియా మొత్తానికి ఒకే ఫ్యాక్టరీ పెడతారట. అది వియత్నాంలోనా, ఇండియాలోనా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఇండియా అయితే మన దగ్గరే.

మీటింగు అయ్యాక విఘ్నేశ్వర్ సార్ నన్ను ఆపారు.

"శ్రీవాణి, స్లైడ్లు మంచిగ చెయ్యి. మాట్లాడేది నేను మాట్లాడుత. శివ్వగూడెం ముచ్చట మాత్రం ఎక్కడ రావద్దు. స్థలం ఉంది, కరెంటుంది, రింగురోడ్డు పక్కకే ఉంది. గంతే."

"ఊరోళ్లను ముందుగాల కలిస్తే మంచిదేమో సార్."

"పోయినసారి కలిసినం కదా. ఏమైంది?"

సరే అన్నాను. స్లైడ్లు చేయడం నాకిష్టమే.

జులై 9

శివ్వగూడెం అరుణమ్మ ఏమనుకున్నా నాకు పట్టింపు లేదు.

జులై 13, ఆదివారం

స్లైడ్లు పూర్తయ్యాయి. నీలం రంగు బాగా కుదిరింది. శివ్వగూడెం ఉన్నచోట మ్యాపులో ఆకుపచ్చ వేశాను, పొలాలన్నట్టు. పేరు రాయలేదు.

కిష్టారెడ్డిపేటలో మా అపార్టుమెంటు లిఫ్టు ఈ రోజంతా పనిచేయలేదు. అమ్మ మెట్లెక్కి వచ్చి కూర్చుని, ఆయాసం తీరాక, ఏం ఆలోచిస్తున్నావంది. పోయినేడు ఊళ్లో జరిగిన సభ గురించి చెప్పాను. ఇదివరకే చెప్పానట.

ఆ రోజు టెంటు కింద కుర్చీలు వేసి కంపెనీ గురించి నేనే చదివాను. ఉద్యోగాలొస్తాయి, రోడ్డొస్తుంది, ఏ ఇబ్బందీ ఉండదు. అప్పుడు అరుణమ్మ లేచింది. ఆమె ఆ ఊరి మాజీ సర్పంచ్. ఫ్యాక్టరీల గేట్ల ముందు కూర్చుని కూర్చుని జుట్టు నెరిసిన మనిషి. గట్టిగా అరవలేదు. మెల్లగా అడిగింది.

"బిడ్డా, ఇబ్బంది ఉండదంటున్నవ్. రేపు ఇబ్బంది అయితే నిన్నెక్కడ దొరకబట్టాలె? నువ్వుంటవా?"

నేను ఆఫీసు అడ్రస్ చెప్పాను. జనం నవ్వారు. ఆ నవ్వుతోనే కంపెనీ పోయింది.

అమ్మ అంతా విని, "నువ్వు ఆ అరుణమ్మ పేరు తీసినన్ని సార్లు నా పేరు తియ్యవే," అంది.

అలాంటిదేం లేదు.

జులై 22, మంగళవారం

నిద్ర వస్తోంది. కానీ రాయాలి.

డెన్మార్క్ నుంచి నలుగురు వచ్చారు. వాళ్లకు పెద్ద బిర్గిత్ అనే ఆవిడ. యాభై దాటి ఉంటాయి. చెప్పులు చూస్తే పొలంలో నడిచేవాళ్లవిలా ఉన్నాయి. హోటల్ హాలులో విఘ్నేశ్వర్ సార్ బాగా మాట్లాడారు, నిజంగానే బాగా మాట్లాడారు. స్థలం, కరెంటు, రింగురోడ్డు. అన్నీ విన్నాక ఆవిడ మ్యాపు దగ్గర ఆగమంది.

"ఈ ఆకుపచ్చలో ఎవరుంటారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"పొలాలు," అన్నారు సార్.

"పక్కనున్న జనంతో ఏమైనా సమస్య ఉందా?"

"ఏ సమస్యా లేదు."

ఆవిడ పక్కవాడి వైపు తిరిగి చిన్నగా ఏదో అంది. వియత్నాం అన్న మాట వినబడింది. తర్వాత నా వైపు చూసి, "ఈ మ్యాపు చేసింది మీరేనా?" అంది.

అవునన్నాను. అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు.

అది పొలం కాదు, శివ్వగూడెం అనే ఊరు, పాత ఫ్యాక్టరీల వల్ల వాళ్ల బోరు నీళ్లు పాడయ్యాయి, బాయిలర్ల మసి ఉతికిన బట్టల మీద పడుతుంది, మాలాంటి వాళ్లు వచ్చి చెప్పిన మాట మీద వాళ్లకు నమ్మకం పోయింది, పోయినేడు ఒక కంపెనీ అందుకే వెళ్లిపోయింది, ఊరిని కలవకుండా మీరిక్కడ ఏం పెట్టినా నిలవదు అని చెప్పాను. ఒకే ఊపిరిలో చెప్పాను. మా సార్ కప్పు కింద పెట్టిన చప్పుడు వినబడింది.

బిర్గిత్ కళ్లద్దాలు తీసింది. "ఆ ఊరు చూడాలి," అంది.

నాకు భయం వేయలేదు.

జులై 23

భయం వేసింది. ఇప్పుడూ ఉంది.

సార్ పొద్దున్నే పిలిచారు. తిట్టలేదు. "నువ్వేం చేసినవో తెలుసా నీకు? వాళ్లు పోతే ఢిల్లీ దాకా జవాబు చెప్పాలె నేను," అన్నారు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "శనివారం వాళ్లను శివ్వగూడెం తోల్కపో. నేను రాను. అయితే అయింది, పోతే పోయింది, అంతా నీదే," అన్నారు.

మూడు రోజులు టైముంది. అరుణమ్మ ఇంటికి వెళ్లాలి. వెళ్లకపోతే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాను.

జులై 24, గురువారం

వెళ్లాను. జిన్నారం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో.

అరుణమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పక్కనే ఆమె కూతురు హరిచందన ఫోనులో ఏదో చదువుకుంటోంది. పటాన్‌చెరులో డిప్లొమా చేసిందట, ఎలక్ట్రికల్. నన్ను గుర్తుపట్టి కుర్చీ తెచ్చింది. అరుణమ్మ మాత్రం తల ఎత్తలేదు.

"మల్ల ఏ కంపెనీ?"

చెప్పాను. కరెంటుతో ఆవిరి చేస్తారు, బొగ్గు అక్కర్లేదు, పొగ రాదు.

"పొగ రాదు," అంది, గింజ పక్కకు వేస్తూ. "పోయినోళ్లు గూడ ఏం రాదన్నరు. నీళ్లల్లకు ఏదీ రాదన్నరు. అంజయ్య బోరుల గిప్పుడు ఏమొస్తుందో పోయి సూడు."

"తెలుసు. గందుకే వచ్చిన."

"తెలుసా?" మొదటిసారి నా మొహం చూసింది. "తెలిస్తే ఆనాడు ఎందుకు చెప్పలె?"

హోటల్లో నిన్న కాక మొన్న ఏం చెప్పానో చెప్పాను. వింది. హరిచందన కూడా ఫోను పక్కన పెట్టి వింది.

"గా ఫారిన్ మేడం ముందల చెప్పినవా? మీ సార్ ముందల?"

"చెప్పిన."

అరుణమ్మ చేతులు దులుపుకుంది. "ఆమెను తోల్కరా. కానీ మా ఇంట్ల చాయ్ తాపి ఫోటో దిగి పంపుడు గాదు. నాకు కిషన్‌రావు ఫ్యాక్టరీ లోపల సూడాలె. ఇన్నేండ్ల నుంచి గేటు కాడ కూసుంటున్న, ఆ పొగ ఏడికెల్లి లేస్తదో ఒక్కనాడు సూడలె. ఆమెకు సూపెట్టేటప్పుడు నాకు గూడ సూపెట్టాలె."

కిషన్‌రావు గారిది మందులకు ముడిసరుకు చేసే ఫ్యాక్టరీ. వాళ్లది సంగారెడ్డిలో పాత వ్యాపార కుటుంబం. మా నాన్న ఉన్నప్పుడు ఆయనకు కూడా ఎరుక. ఆయన గేటు ముందే అరుణమ్మ ఎక్కువసార్లు ధర్నా చేసింది.

ఆటోలో తిరిగి వస్తూ ఆయనకు ఫోను చేశాను. అరుణమ్మ కోరిక చెప్పాను. "ఆమెనా? లోపలికా?" అన్నారు. తర్వాత, "రమ్మను," అన్నారు.

జులై 26, శనివారం

ఈ రోజును మరిచిపోకూడదు.

కిషన్‌రావు గారు తెల్ల చొక్కా వేసుకుని గేటు దగ్గరే నిలబడ్డారు. బిర్గిత్ కారు దిగింది. వెనక ఆటోలో అరుణమ్మ, బోరు పాడైన రైతు అంజయ్య, హరిచందన. సెక్యూరిటీ మనిషి అలవాటు కొద్దీ అరుణమ్మకు అడ్డం వచ్చాడు. కిషన్‌రావు గారే చేత్తో పక్కకు తప్పించారు.

బాయిలర్ షెడ్డులో వేడికి నిలబడలేకపోయాం. బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు తలకు గుడ్డలు చుట్టుకుని బొగ్గు పారతో వేస్తున్నారు. అరుణమ్మ వాళ్లను చూసి ఆగిపోయింది. "గీ పోరలు గిట్లనే ఉంటరా పొద్దంత?" అంది. బయట బట్టల మీద పడే మసి ఆ పిల్లల ఊపిరితిత్తుల్లోకి ముందు పోతోందని ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది.

తర్వాత ఆఫీసు గదిలో కూర్చున్నాం. నేను రెండువైపులా తర్జుమా చేశాను.

బిర్గిత్ సూటిగా చెప్పింది. "మా యంత్రం ఇక్కడి నిజమైన ఫ్యాక్టరీలో ఒకటి నడవాలి. మొదటి ఆర్డరు ఇచ్చేవాళ్లు లేకపోతే మా బోర్డు ఒప్పుకోదు. పక్కనున్న ఊరు ఒప్పుకోకపోతే నేనే ఒప్పుకోను."

కిషన్‌రావు గారు గడ్డం గోక్కున్నారు. "సరుకు కొనే యూరప్ పార్టీలు నన్ను రోజు అడుగుతున్నరు, బొగ్గు ఎప్పుడు బంద్ చేస్తవని. చెయ్యాలనే ఉంది. కానీ కరెంటు పోతే నా బ్యాచ్ మొత్తం ఖరాబ్ అయితది. మొదలు నేనే ఎందుకు దూకాలె?"

"మొదలు పొగ పెట్టింది నువ్వే కదా," అంది అరుణమ్మ.

ఇది ఎలా తర్జుమా చేయాలో తెలియక నేను ఆగాను. బిర్గిత్ చెప్పమన్నట్టు చూసింది. ఉన్నదున్నట్టు చెప్పాను.

కిషన్‌రావు గారికి మొహం ఎర్రబడింది. "ఇన్నేండ్లు గేటు కాడ కూసున్నవ్. ఒక్కనాడన్న లోపలికొచ్చి మాట్లాడినవా?"

"పిలిచినవా?"

నేను అనుకోలేదు, ఆయన నవ్వారు. పెద్దగా కాదు. "ఇయ్యాల పిలిచిన కదా," అన్నారు.

"అందుకే ఇయ్యాల వచ్చిన. సూడు కిషన్‌రావు, గా మిషిని నువ్వు పెడితే నీ గేటు కాడ కూసునే పని నాకు తప్పుతది. నాకు గూడ మోకాళ్లు నొస్తున్నయి."

బిర్గిత్ బయటికి వచ్చాక కారెక్కే ముందు నాతో అంది: "మేం తిరిగిన ప్రతిచోటా ఏ సమస్యా లేదన్నారు. సమస్యలన్నీ మాకు మొదట చూపించింది మీరే."

అది మెప్పో కాదో తెలియలేదు. మెప్పనే అనుకుంటున్నాను.

ఆగస్టు 3

ఏ కబురూ లేదు.

ఆగస్టు 11

లేదు. అమ్మ అడగడం మానేసింది.

ఆగస్టు 19, మంగళవారం

మెయిల్ వచ్చింది. వాళ్లు ఇండియా గురించే ముందు ఆలోచిస్తారట. మూడు కావాలన్నారు: కిషన్‌రావు గారి ఆర్డరు, ఆగని కరెంటు లైను, శివ్వగూడెం గ్రామసభ ఒప్పుదల. మూడూ వస్తేనే బోర్డు ముందుకు వెళ్తుంది.

విఘ్నేశ్వర్ సార్ మెయిల్ చదివి కుర్చీలో వెనక్కి వాలారు. "మనం ఊరిని తోడు తీసుకున్నది మంచిదైంది," అన్నారు.

మనం. సరే. నాకేం బాధ లేదు.

అయితే న్యాయం చెప్పాలి. కరెంటు లైను కోసం ఆయన మేం ఫ్యాక్టరీ చూసొచ్చిన రోజు నుంచీ విద్యుత్ సౌధకు ఎక్కిన మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. నేనైతే ఆ తలుపులు తెరిపించలేను.

సెప్టెంబర్ 10

లైను మంజూరైంది. కిషన్‌రావు గారు సంతకం చేశారు. ఫోను చేసి, "మీ నాన్న ఉంటే నన్ను పిచ్చోడనేటోడు," అన్నారు. మా నాన్న అలా అనేవాడు కాదు. నవ్వేవాడు.

ఇంక గ్రామసభ.

సెప్టెంబర్ 18, గురువారం

హైదరాబాద్ హెడ్డాఫీసు పోస్టు వచ్చింది. ప్రమోషన్ మీద. ఎన్నేళ్లుగా అడుగుతున్నాను. అమ్మ పాయసం చేసింది. లిఫ్టు నడవని ఈ అపార్టుమెంటు వదిలేయవచ్చంది. పది రోజుల్లో చేరాలి.

రేపు గ్రామసభ అయిపోతే నా పని అయిపోయినట్టే. మంచి సమయానికి వచ్చింది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

స్కూలు ఆవరణలో సభ. ఈసారి నేను ఏమీ చదవలేదు. అరుణమ్మే మొదలుపెట్టింది. తను ఫ్యాక్టరీలో చూసింది చెప్పింది, బొగ్గు వేసే పిల్లల గురించి కూడా. వింటున్నవాళ్లలో ఆ పిల్లలకు గదులు కిరాయికిచ్చిన ఆడవాళ్లున్నారు. తలలూపారు.

అంజయ్య లేచాడు. అతని పొలం ఫ్యాక్టరీల కాలువ పక్కనే. బోరు వాడి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

"వదినే, నువ్వు గూడ వాళ్ల దిక్కు పోయినవా?"

"నేను ఏ దిక్కు పోలే అంజయ్యా. వాళ్లే గిటు వస్తున్నరు. మన మాట మీదనే రానిస్త."

"మాటలు మస్తు విన్న." చేత్తో కాలువ వైపు చూపించాడు. "నా పొలం ఎవలు ఇస్తరు?"

ఎవరూ ఇవ్వలేరు. ఆ సంగతి అందరికీ తెలుసు. బిర్గిత్ తరఫున వచ్చిన ఇంజనీరు ఏదో చెప్పబోయాడు. నేను చేత్తో ఆపాను. అంజయ్య మాట్లాడనివ్వాలి. మాట్లాడాడు. చాలా సేపు. ఏడ్చాడు. ఎవరూ అడ్డం రాలేదు.

తర్వాత హరిచందన కాగితం తీసి షరతులు చదివింది. కొత్త ఫ్యాక్టరీ గేటు దాటి చుక్క నీళ్లు బయటికి రావద్దు. ఊరివాళ్లు ఎప్పుడంటే అప్పుడు, ఎవరితో కావాలంటే వాళ్లతో నీళ్లు పరీక్ష చేయించుకుంటారు. అంజయ్య పొలంలాంటి పొలాలను బాగుచేసే పనికి కంపెనీ ముందు చేయి వేయాలి. పనిలో ఊరి పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, శిక్షణ ఇచ్చి తీసుకోవాలి. ఇంజనీరు అక్కడే ఫోనులో బిర్గిత్‌తో మాట్లాడాడు. ఒప్పుకుంటున్నామన్నాడు.

అయిపోయిందనుకుని నేను లేచాను.

"ఇంకోటుంది," అంది అరుణమ్మ. "గీ శ్రీవాణి మేడం ఏడికీ పోవద్దు. ఫ్యాక్టరీ కట్టేదాక, నడిచి మాకు ఇత్మినాన్ అయ్యేదాక, నమ్మకం కుదిరేదాక ఈ కుర్సీలనే ఉండాలె. అడిగితే దొరకాలె."

అందరూ నా వైపు తిరిగారు. పోస్టు సంగతి అక్కడెవరికీ తెలియదు. బ్యాగులో ఆర్డరు కాగితం ఉంది. రెండు సెకన్లు చాలు, 'చూద్దాం' అనడానికి. మేం అందరం వాడే మాట.

"ఉంట," అన్నాను.

చేతులు లేచాయి. ముందు ఆడవాళ్లవి, తర్వాత వెనక గోడ దగ్గర నిలబడిన మగపిల్లలవి. అంజయ్య చేయి లేవలేదు. దించిన తల ఎత్తి అందరినీ చూశాడు. అరుణమ్మను చూశాడు. తర్వాత లేపాడు.

సెప్టెంబర్ 20

తొందరపడ్డానా? లేదు.

అమ్మ పాయసం గిన్నె కడుగుతూ, "లిఫ్టు మంచిగ చేపియ్యమని సొసైటీ వాళ్లకన్న చెప్పు," అంది. అంతే అంది.

సెప్టెంబర్ 22

సార్‌కు చెప్పాను. హైదరాబాద్ పోస్టు వద్దని. "నేనైతే పోయేటోణ్ణి," అన్నారు. కాసేపటికి మళ్లీ, "ఆ రోజు హోటల్ల గూడ నేనైతే చెప్పేటోణ్ణి కాదు," అన్నారు. ఇద్దరం టీ తాగాం.

నవంబర్ 6, గురువారం

ఇండియా. శివ్వగూడెం.

నవంబర్ 7

నిన్న రాయలేకపోయాను, ఇప్పుడు రాస్తాను.

సంగారెడ్డి బస్టాండులో ఉన్నాను. బిర్గిత్ ఫోను. బస్సుల మోతలో మొదట వినబడలేదు. "బోర్డు ఒప్పుకుంది. వియత్నాం కాదు, మీ దగ్గరే. ఆసియా మొత్తానికి," అంది. నేను థాంక్యూ అని నాలుగైదుసార్లు అన్నట్టున్నాను. ఎక్కవలసిన బస్సు వెళ్లిపోయింది. చూస్తూ నిలబడ్డాను.

మొదట అరుణమ్మకు చేశాను. అమ్మకు తర్వాత. అమ్మకు ఇది చెప్పకూడదు.

"ఖాయమేనా?" అంది అరుణమ్మ.

"ఖాయమే."

ఆమె ఎవరినో కేకేసి పిలవడం, ఒక్కొక్కరికీ చెప్పడం, ఆడవాళ్ల గొంతులు దగ్గరికి రావడం వినబడింది. ఫోను పెట్టేయడం మరిచిపోయింది. నేనూ పెట్టలేదు. బెంచీ మీద కూర్చుని ఆ ఊరి సందడి అంతా విన్నాను.

ఆఫీసులో విఘ్నేశ్వర్ సార్ అందరి ముందూ లేచి నిలబడి, ఇది శ్రీవాణి తెచ్చిన కంపెనీ అన్నారు. నాకు ఇలాంటివి అవసరం లేదు.

అవసరమే. చాలా బాగుంది.

మార్చి 12, గురువారం

కిషన్‌రావు గారి ఫ్యాక్టరీలో మొదటి యంత్రం ఈ రోజు నడిచింది. మన స్థలంలో గోడలు ఇప్పుడే లేస్తున్నాయి కాబట్టి దీన్ని డెన్మార్క్ నుంచే ఓడలో తెచ్చారు. ముందు ముందు ఇలాంటివి శివ్వగూడెంలోనే తయారవుతాయి. ఇక్కడి నుంచి థాయ్‌లాండ్‌కు, ఇండోనేషియాకు పోతాయి.

హరిచందన, ఆమెతో శిక్షణ తీసుకున్న పిల్లలు నీలం యూనిఫాంలో ప్యానెల్ దగ్గర నిలబడ్డారు. బొగ్గు వేసే కుర్రాళ్లలో ఇద్దరు కూడా వాళ్లలో ఉన్నారు. బిర్గిత్ బటను నొక్కమంటే హరిచందన నొక్కింది. కాసేపు ఏమీ కాలేదు. కిషన్‌రావు గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. తర్వాత గొట్టాలు చిన్నగా మూలిగాయి, గేజు ముల్లు కదిలింది, పైన వాల్వు దగ్గర తెల్లటి ఆవిరి ఒక్కసారి బుస్సుమని లేచి గాలిలో కలిసిపోయింది. అందరం తలెత్తి చూశాం. ఆకాశం మామూలుగా ఉంది.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు చాలామంది వచ్చారు. బొంతపల్లి వైపు నుంచి కూడా. తమ దగ్గరి ఫ్యాక్టరీలకూ ఇది వస్తుందా అని అడుగుతున్నారు. వాళ్లకు చూపించే పని అరుణమ్మే పెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. కొంగు నడుముకు దోపి, ఆ పెద్ద తెల్ల పెట్టె మీద అరచేయి వేసి నిలబడింది.

"రాండ్రి, దగ్గరికొచ్చి సూడుండ్రి. భయం లేదు," అంది. "ఇది మా మిషిని."

కిషన్‌రావు గారు పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చారు.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకు ఫోటోలు చూపించాను. ఇది ఎవరిదే, అని అడిగింది.

"మాదే," అన్నాను.